పండుగ రాత్రి పొగ – మిద్దె మీద నిద్ర



దీపావళి మరుసటి ఉదయం ఆయాసంతో వచ్చేవారిని "టపాకాయలు కాల్చారా?" అని మేము ముందుగా అడగము. "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడుగుతాము. "మిద్దె మీదనమ్మా, లోపల ఒకటే ఉక్క" అంటారు చాలామంది. టపాకాయ ముట్టని అవ్వలకు కూడా పిల్లికూతలు రావడానికి కారణం అక్కడే ఉంది.

పగలంతా ఎండకు కాగిన సిమెంటు కప్పులు, తారు రోడ్లు రాత్రి చాలాసేపటి వరకు వేడిని వదులుతూనే ఉంటాయి. వేడి గాలి పైకి లేస్తుంది గనుక పొగ కూడా కొంత పైకి పోతుంది. ఆ మాటకొస్తే ఇది వేడి చేసే మేలే! అయితే తెల్లవారుజాముకు నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి నిలుస్తాయి. కుండకు మూత పెట్టినట్టు పొగ కింద చిక్కుకుంటుంది. మిద్దె మీద పడుకున్నవారు ఆ మూత కిందే ఉంటారు. నరక చతుర్దశి నాడు తెల్లవారకముందు కాల్చేవి, డిసెంబరు 31 అర్ధరాత్రి మన చర్చి ఆవరణలలో కాల్చేవి కూడా ఈ చల్లని వేళల్లోనే. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుండి 10 వరకే సమయమిచ్చింది. ఆ వేళకు మన ఊరి నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది.

శబ్దం లేదు గదా అని చిన్నపిల్లలకు పాము బిళ్ళలు ఇస్తాము. 2016లో పుణె చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు కొలిచినప్పుడు అన్నిటికంటే ఎక్కువ సన్నని ధూళి వాటి నుండే వచ్చింది: ఘనమీటరుకు 64,500 మైక్రోగ్రాములు. మన దేశంలో 24 గంటల సగటు పరిమితి 60 మాత్రమే. పిల్లలేమో దానిమీదికి వంగి చూస్తారు.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ఆ రాత్రి లోపలే పడుకోవాలి. వీధి వైపు కిటికీలు మూసి, ఎండ బాగా ఎక్కిన తరువాత తెరవండి. కానీ ఉక్క కూడా వీరికి ప్రమాదమే. సాయంత్రం మిద్దెపై నీళ్లు చల్లితే గది చల్లబడుతుంది. బిందె నీటికి ఎదురుచూసే వీధులలో ఆ మాట చెప్పడానికి మాకు నోరు రాదు. అక్కడ కప్పుకు తెల్లసున్నం వేయించుకోమంటాము. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే సన్నని ధూళి ఆగదు. రోజూ వాడే ఇన్‌హేలర్ పండుగ రోజున మానవద్దు. ఆయాసానికి వాడేది దిండు పక్కనే ఉంచుకోండి.

అది పీల్చినా తగ్గకపోతే, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, బిడ్డకు డొక్కలు ఎగరేస్తుంటే, పెదవులు నీలంగా మారితే, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.