ఆకాశం నుంచి బడి మెట్ల దాకా

యుద్ధంలో శత్రువును ఎదురుగా ఢీకొనడం ఒక పద్ధతి. అతడు ఊహించని చోట, అతని వెనుక, ఆకాశం నుంచి దిగడం మరొక పద్ధతి. పారాచూట్లతో విమానాల నుంచి దూకి, లేదా ఇంజను లేని గ్లైడర్లలో దిగి పోరాడే సైనిక విభాగాన్ని ఎయిర్‌బోర్న్ డివిజన్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రూపొందిన ఇటువంటి విభాగాలలో అమెరికా సైన్యానికి చెందిన 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సుప్రసిద్ధమైనది. అయితే దాని చరిత్రలో మన మనస్సును మిక్కిలి కదిలించే ఘట్టం యుద్ధభూమిలో కాక, ఒక పాఠశాల వాకిట జరిగింది.

ఈ డివిజన్ 1942 ఆగస్టు 16న లూసియానా రాష్ట్రంలోని క్యాంప్ క్లైబోర్న్‌లో ఏర్పడింది. మేజర్ జనరల్ విలియం లీ దాని తొలి సేనాని. అరుస్తున్న గద్ద తల దాని చిహ్నం. బానిసత్వాన్ని అంతమొందించిన అమెరికా అంతర్యుద్ధంలో విస్కాన్సిన్ దళం ఒకటి ఒక గద్దను వెంట తీసుకొనిపోయేది. అబ్రహాం లింకన్ పేరుమీద దానిని ‘ఓల్డ్ ఏబ్’ అని పిలిచేవారు. ఆ పక్షియే ఈ చిహ్నానికి మూలం.

1944 జూన్ 5 సాయంత్రం మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఇంగ్లండులోని గ్రీన్‌హామ్ కామన్ విమానస్థావరానికి వచ్చి, బయలుదేరనున్న ఈ డివిజన్ సైనికులను పలకరించాడు. ఆ రాత్రి ఆరువేలకు పైబడిన సైనికులు ఫ్రాన్సులోని నార్మండీ నేలపైకి దూకారు. సముద్రతీరం నుంచి లోపలికి పోయే గట్టుదారులను స్వాధీనం చేసుకోవడం వారి కర్తవ్యం. దట్టమైన మబ్బులవల్ల, నేలపైనుంచి సాగిన ఫిరంగి కాల్పులవల్ల విమానాలు దారి తప్పాయి. సైనికులు చెల్లాచెదురుగా పడ్డారు. చీకటిలో తనవాడెవడో, పగవాడెవడో తెలియదు. అందుకని ఒక్కొక్కరికి కీచురాయిలా చప్పుడు చేసే చిన్న రేకు బొమ్మ ఇచ్చారు. ఒకసారి నొక్కితే, అవతలివాడు రెండుసార్లు నొక్కి బదులివ్వాలి. ఆ చిరుసవ్వడి ఆధారంగా ఎదురైనవారితో జట్టుకట్టి వారు ముందుకు సాగారు. దళం చెదిరినా లక్ష్యం చెదరలేదు.

అదే సంవత్సరం డిసెంబరులో బెల్జియంలోని బాస్టోన్ పట్టణాన్ని కాపాడే భారం వీరిపై పడింది. ఏడు రహదారులు కలిసే ఆ పట్టణానికి వీరు ఈసారి విమానాలలో కాక లారీలలో చేరారు. జర్మన్ సైన్యం నలుదిక్కులా చుట్టుముట్టింది. ఎముకలు కొరికే చలి. తగిన ఉన్నిబట్టలు లేవు, మందుగుండు అడుగంటింది. డిసెంబరు 22న లొంగిపొమ్మని జర్మన్లు లేఖ పంపగా, తాత్కాలిక సేనాని మెకాలిఫ్ ‘నట్స్’ అన్న ఒక్క మాటతో దానిని తోసిపుచ్చాడు. డిసెంబరు 26న మిత్రసేనల ట్యాంకులు ఆ ముట్టడిని ఛేదించాయి. ఆ ముట్టడిలో ఈ డివిజన్‌కు తోడుగా ఫిరంగులు పేల్చినవారిలో నల్లజాతి సైనికుల 969వ దళం కూడా ఉంది. ఆనాడు అమెరికా సైన్యంలో తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు దళాలుండేవి. శత్రువు గుండుకు లేని భేదం మనుషులు పెట్టుకొన్నారు. సైన్యంలో ఈ వివక్ష కూడదని అధ్యక్షుడు ట్రూమన్ 1948లో ఆజ్ఞాపించాడు.

యుద్ధానంతరం 1945లో రద్దయిన ఈ డివిజన్ 1956లో కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో తిరిగి యుద్ధదళంగా నిలిచింది. మరుసటి సంవత్సరమే దానికి ఒక విచిత్రమైన పరీక్ష ఎదురైంది. జాతిని బట్టి పిల్లలకు వేరు బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. అయినా 1957 సెప్టెంబరు 4న ఆర్కాన్సా రాజధాని లిటిల్ రాక్‌లోని సెంట్రల్ హైస్కూలుకు వచ్చిన నల్లజాతి విద్యార్థులను, గవర్నరు ఆజ్ఞతో రాష్ట్ర సైనికులు అడ్డుకొన్నారు. ఆ తొమ్మండుగురిలో ఒకరైన ఎలిజబెత్ ఎక్‌ఫోర్డ్‌కు అప్పుడు పదిహేనేళ్ళు. తిట్టిపోస్తున్న గుంపు మధ్య ఆ బాలిక పుస్తకాలతో ఒంటరిగా నడిచింది. అప్పుడు అధ్యక్షుడుగా ఉన్నది ఐసెన్‌హోవరే. నార్మండీకి సాగనంపిన ఆ డివిజన్‌నే ఆయన సెప్టెంబరు 24న లిటిల్ రాక్‌కు పంపాడు. మరునాడు సుమారు వెయ్యిమంది సైనికుల రక్షణలో ఆ తొమ్మండుగురు బడి మెట్లెక్కారు.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. సైనికులు వసారాలలో కాపున్నారు గాని, తరగతి గదులలో లేరు. అక్కడ ఎదురైన అవమానాలను ఆ పిల్లలే భరించవలసి వచ్చింది. ఆ డివిజన్‌లోని నల్లజాతి సైనికులను బడి వాకిట నిలబెట్టకపోవడం కూడా గమనింపదగినది. నవంబరు ముగిసేనాటికి దళం వెనుదిరిగింది. పిల్లలు మాత్రం చదువు సాగించారు. 1958 మేలో ఎర్నెస్ట్ గ్రీన్ ఆ బడి నుంచి పట్టం పొందిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యాడు.

క్షతం నుంచి, అనగా హాని నుంచి, కాపాడే గుణమే క్షాత్రమని మన ప్రాచీనులు వ్యుత్పత్తి చెప్పారు. ఆ అర్థంలో క్షాత్రం పుట్టుకతో వచ్చేది కాదు. ఎవరి పక్షాన నిలిచామన్నదానిని బట్టి వచ్చేది. నార్మండీలో దూకినవారిది సాహసం. ఆయుధం లేకుండా, పుస్తకాలు పట్టుకొని, ప్రతి ఉదయం ఆ బడికి వెళ్ళినవారిది అంతకు తీసిపోని సాహసం. వారు మీ ఈడువారే.

కఠిన పదాలు – అర్థాలు
సేనాని = సైన్యాధిపతి
ముట్టడి = చుట్టుముట్టి నిర్బంధించడం
వివక్ష = భేదభావంతో చూడటం
క్షతం = గాయం, హాని
వ్యుత్పత్తి = పదం పుట్టిన తీరు

ప్రశ్నలు
1. నార్మండీలో చెల్లాచెదురైన సైనికులు ఒకరినొకరు ఎట్లా గుర్తించారు?
2. ఐసెన్‌హోవర్‌కు, 101వ డివిజన్‌కు గల సంబంధాన్ని వివరించండి.
3. ‘అంతకు తీసిపోని సాహసం’ అని రచయిత దేనిని గురించి అన్నారు? మీ అభిప్రాయం రాయండి.