చూచే కన్ను – చూడబడే మనిషి

ఉర్దూలో చార్‌దీవారీ అన్నా, తెలుగులో నాలుగు గోడలు అన్నా భావమొక్కటే: పరుల చూపు సోకని చోటు మనిషికి అవసరం. నేడు ఆ చూపు గోడలను దాటి వచ్చినది. కాని కంటికి కానరాదు. కానరాని దానిని అనుభవానికి తెచ్చుట కళ చేయగల పని.

2016లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో చలనచిత్ర దర్శకురాలు లారా పోయ్‌ట్రాస్ ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. సందర్శకులు చీకటిగదిలో వేదికపై వెల్లకిల పడుకొని, డ్రోన్ విమానాలు సంచరించిన యెమెన్, సోమాలియా, పాకిస్తాన్ దేశాల రాత్రి ఆకాశాన్ని పైకప్పుపై చూచేవారు. ప్రదర్శన చివర ఒక తెరపై, ఆ వేదికపై పడుకొన్నవారి దేహాలు పరారుణ కెమెరా చిత్రాలుగా కనిపించేవి. చూచినవారే చూడబడినవారని అప్పుడు తెలిసేది.

నిఘా మనిషినేమి చేయునో మన తెలుగువారొకరు న్యాయపీఠం నుండి 1962లోనే చెప్పారు. ఒకప్పుడు గుంటూరులో నెలకొన్న ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు, సుప్రీంకోర్టులో ఖరక్ సింగ్ వ్యాజ్యాన, పోలీసు నిఘా నీడలో తిరిగేవాని సంచారం స్వేచ్ఛాసంచారం కాదని భిన్నతీర్పు వ్రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పునిచ్చి, ఆ అభిప్రాయాన్ని నిలబెట్టినది.

అయినను మరుసటి ఏడే, 2018 ఏప్రిల్‌లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు కులమత వివరాలతో సహా బయటపడినవి. నాలుగు గోడలు కోరిన పేదవాని వివరాలే బజారున పడినవి. సంఖ్యాబలం లేని వర్గాలకు ఇట్టి జాబితాలు మరింత ప్రమాదకరం.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. చట్టమున్నంతనే చాలదు, పౌరుడు మేలుకొనాలి. వివరాలడిగినవారిని “ఎందుకు? ఎంతకాలం? ఎవరి చేతికి?” అని మర్యాదగా ప్రశ్నించుట మనము అలవరచుకొందము.