చక్రవర్తి విందులో సత్తు చెంచా

మీ వంటింట్లోకి ఒకసారి తొంగి చూడండి. అన్నం వండే గిన్నె, టీ కాచే గిన్నె, చారు పోసే గరిటె - వీటిలో ఏదో ఒకటైనా అల్యూమినియంది ఉండకపోదు. కొందరు దాన్ని సత్తుగిన్నె అంటారు, కొందరు సిల్వరు గిన్నె అంటారు. సొట్టలు పడితే పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తారు. వెండి సామాను ఎవరైనా అలా వేస్తారా?

కాని, 1884లో ఇదే లోహం వెండితో సమానంగా ధర పలికింది. అంతకు 30 ఏళ్ల ముందు బంగారంతోనే పోటీ పడింది! ఆశ్చర్యంగా ఉంది కదూ? మరి ఇంత ఖరీదైన లోహం ఇంత చవక ఎలా అయింది? ఎక్కడైనా కొత్త గనులు బయటపడ్డాయా? లేదు. ఆ కథ ఏమిటో చూద్దాం.

కాళ్ల కిందే ఉంది, కంటికి కనపడదు

అల్యూమినియం అరుదైన లోహం కానే కాదు. భూమి పైపొరలో బరువును బట్టి చూస్తే నూటికి సుమారు 8 పాళ్లు ఇదే. లోహాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ. ఇనుము కూడా దీని తర్వాతే. బంకమట్టిలో అల్యూమినియం ఉంది. బురదనీళ్లు తేరుకోవడానికి వేసే పటికలో ఉంది. అన్నట్టు, ఈ లోహానికి ఆ పేరు వచ్చింది కూడా పటికకు లాటిన్ భాషలో ఉన్న పేరు నుంచే.

మరి వేల సంవత్సరాలుగా బంగారం, వెండి, రాగి, ఇనుము వాడుతూ వచ్చిన మనిషికి ఇది ఎందుకు దొరకలేదు? తెలంగాణలోని కోనసముద్రంలో పూర్వం తయారైన ఉక్కు పరదేశాలకు ఎగుమతి అయ్యేది. అంతటి పనివారి కొలిమిలో కూడా అల్యూమినియం ఎందుకు కరగలేదు?

కారణం ఆక్సిజన్. ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. దాన్ని బొగ్గుతో కలిపి బాగా కాలిస్తే, బొగ్గులోని కార్బన్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఇనుము మిగులుతుంది. అల్యూమినియం అలా కాదు. అది ఆక్సిజన్‌ను పట్టుకొన్న పట్టు ఉడుంపట్టు. ఆనాటి కొలిమి వేడికి, బొగ్గుకు ఆ పట్టు సడలదు. అందుకే కాళ్ల కింద అంత లోహం ఉన్నా చేతికి మాత్రం చిటికెడు రాలేదు.

మట్టి నుంచి వెండి

మొదట ఈ పట్టు కాస్త సడలించినవాడు డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్. విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో కనుక్కొన్నవాడు ఈయనే. 1825లో ఆయనకు అల్యూమినియం చిన్న ముద్దగా దొరికింది. అదీ శుద్ధమైనది కాదు. 1827లో జర్మనీకి చెందిన వోలర్ దాన్ని పొడిగా తీశాడు. ఆ పొడి నుంచి గుండుసూది తలంత పూసలు తీయడానికి ఆయనకు 1845 దాకా పట్టింది. ఆ చిన్న పూసలనే తూచి, ఇది చాలా తేలికైన లోహమని లోకానికి చెప్పాడు.

1854లో ఫ్రాన్సు దేశస్థుడు డెవిల్ ఒక మెరుగైన పద్ధతి కనుక్కొన్నాడు. అందులో సోడియం లోహం వాడాలి. అయితే సోడియం తయారు చేయడమే పెద్ద ఖర్చు. అందుకే తయారైన అల్యూమినియం కూడా నగల అంగడికే చేరింది. 1855లో పారిస్‌లో జరిగిన మహాప్రదర్శనలో ఈ లోహపు కడ్డీలను పెట్టారు. 'మట్టి నుంచి వచ్చిన వెండి' అని జనం విరగబడి చూశారు.

చూసి ముచ్చట పడినవారిలో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ ఒకడు. తన సైనికులకు తేలికైన కవచాలు, శిరస్త్రాణాలు చేయించవచ్చని ఆశపడి, డెవిల్ పరిశోధనకు డబ్బిచ్చాడు. ఆ కోరిక తీరలేదు. కాని 1856లో పుట్టిన యువరాజు ఆడుకోవడానికి అల్యూమినియం గిలక్కాయ మాత్రం తయారైంది! చక్రవర్తి విందుల గురించి ఒక కథ చెప్పుకొంటారు. ముఖ్యమైన అతిథులకు అల్యూమినియం చెంచాలు వేసేవారట; మిగతావారు బంగారు చెంచాలతో సరిపెట్టుకోవలసిందేనట!

స్తంభం మీద కిరీటం

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఆ దేశ రాజధానిలో వాషింగ్టన్ స్మారక స్తంభం ఉంది. ఎత్తు సుమారు 169 మీటర్లు. పిడుగు పడితే విద్యుత్తును భూమిలోకి పంపడానికి దాని కొసన లోహం ఉండాలి. తుప్పు పట్టకూడదు, మరకలు కారకూడదు. చివరకు అల్యూమినియంను ఎంచుకొన్నారు.

ఆ కొస బరువు 100 ఔన్సులు, అంటే సుమారు 2.8 కిలోలు. స్తంభం ఎక్కించే ముందు న్యూయార్క్‌లో ఒక పెద్ద నగల దుకాణంలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. నేల మీద పెట్టిన ఆ కొసను జనం దాటి వెళ్లి, 'వాషింగ్టన్ స్తంభం శిఖరం మీంచి దూకి వచ్చాం' అని గొప్పలు చెప్పుకొన్నారట! 1884 డిసెంబరు 6న దాన్ని స్తంభం కొసన అమర్చారు. అప్పట్లో అల్యూమినియం ఔన్సు ధర ఒక డాలరు పైచిలుకు. మామూలు కూలీ పొద్దస్తమానం పనిచేస్తే వచ్చేది సుమారు ఒక డాలరే.

ఇద్దరు యువకులు, ఒకే ఆలోచన

రెండేళ్లు తిరగకముందే కథ అడ్డం తిరిగింది. అమెరికాలోని ఓబర్లిన్ అనే ఊళ్లో చార్లెస్ హాల్ అనే 22 ఏళ్ల యువకుడు ఉండేవాడు. ఇంటి వెనక కట్టెల కొట్టమే అతని ప్రయోగశాల. బ్యాటరీలు కూడా సొంతంగా చేసుకొన్నవే. రసాయనశాస్త్రం చదివిన అక్క జూలియా తోడుగా ఉండి ప్రయోగాల వివరాలు రాసిపెట్టేది.

హాల్ ఆలోచన ఇది. బొగ్గు చేయలేని పనిని విద్యుత్తు చేత చేయించాలి. దానికి అల్యూమినియం ఆక్సైడ్ ద్రవంగా ఉండాలి. కాని అది కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అంత వేడి ఎలా? ఉప్పు నీళ్లలో కరిగినట్టు, దీన్ని కరిగించుకొనే మరో పదార్థం వెతకాలి. క్రయొలైట్ అనే ఖనిజం ఆ పని చేసింది. సుమారు వేయి డిగ్రీల దగ్గర కరిగిన క్రయొలైట్‌లో ఆక్సైడ్ చక్కగా కలిసిపోయింది. అందులోకి విద్యుత్తును పంపితే ఆక్సిజన్ ఒక వైపు పోయింది. అల్యూమినియం అడుగున చేరింది. అది 1886 ఫిబ్రవరి 23.

చిత్రం ఏమిటంటే, హాల్ పేరు కూడా వినని పాల్ ఎరూ అనే ఫ్రెంచి యువకుడు అదే సంవత్సరం అదే పద్ధతి కనుక్కొన్నాడు! ఇద్దరూ 1863లోనే పుట్టారు. ఇద్దరూ 1914లోనే చనిపోయారు. ఇద్దరి పేర్లూ కలిపి పిలిచే ఆ పద్ధతిలోనే ఈనాటికీ ప్రపంచమంతటా అల్యూమినియం తయారవుతోంది. 1888లో బయర్ అనే శాస్త్రజ్ఞుడు బాక్సైట్ అనే ఖనిజం నుంచి శుద్ధమైన ఆక్సైడ్ తీసే మార్గం చూపాడు.

ఇంకేముంది, ధర కుప్పకూలింది. ఔన్సుకు డాలరు పలికిన లోహం, పదేళ్లు తిరిగేసరికి పౌనుకు డాలరు కూడా పలకలేదు. పౌను అంటే 16 ఔన్సులు! 1895లో నయాగరా జలపాతం నుంచి విద్యుత్తు తీయడం మొదలు పెట్టగానే, దాన్ని కొనడానికి ముందుగా వచ్చింది అల్యూమినియం కంపెనీయే. 1903లో రైట్ సోదరుల విమానాన్ని ఎగరేసిన ఇంజను తేలికగా ఉండడానికి కారణం కూడా అల్యూమినియమే.

మన ఇళ్లకు ఎలా వచ్చింది?

1898 ప్రాంతంలో మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన అల్యూమినియం పాత్రల తయారీ మొదలు పెట్టించాడు. అప్పటిదాకా రాగి, ఇత్తడి పాత్రలదే రాజ్యం. చక్రవర్తి బల్ల మీది లోహం క్రమంగా సామాన్యుడి పొయ్యి మీదికి వచ్చింది. 1964 తర్వాత మన చిల్లర నాణేల్లోకి కూడా వచ్చింది. ఆ పైసలు ఇప్పుడు చెల్లవు. తాతగారి పెట్టెలో వెతికితే దొరకవచ్చు.

చూశారా! భూమిలో ఉన్న అల్యూమినియం పెరగలేదు, తరగలేదు. మారింది మనిషి జ్ఞానం. వస్తువు ధర అది ఎంత ఉందన్న దాని మీదే కాదు, దాన్ని చేతికి తేవడానికి ఎంత శ్రమ, ఎంత శక్తి కావాలన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

అయితే చవక అంటే ఖర్చు లేదని కాదు. ఒక కిలో అల్యూమినియం కోసం సుమారు 4, 5 కిలోల బాక్సైట్ తవ్వాలి. సుమారు 14 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఒడిశాలో బాక్సైట్ దొరికేది కోరాపుట్ కొండల్లో. కాని లోహం తీసే నాల్కో కర్మాగారాన్ని చాలా దూరాన, బొగ్గు దొరికే అంగుల్‌లో కట్టారు. ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. విశాఖ మన్యం కొండల్లోనూ బాక్సైట్ ఉంది. కాని ఆ కొండల మీదే గిరిజనుల ఊళ్లు, పంటలు, వాగులు ఉన్నాయి. అందుకే అక్కడ తవ్వకాలను వారు గట్టిగా వ్యతిరేకిస్తూ వచ్చారు. ఆ నష్టం గిన్నె ధరలో కనిపించదు.

ఇక్కడే పాత సామాన్లవాడి గొప్పతనం ఉంది. సొట్టగిన్నెలో అల్యూమినియం అప్పటికే ఆక్సిజన్‌ను వదిలేసింది. మళ్లీ కరిగిస్తే చాలు. కొత్త లోహానికి అయ్యే శక్తిలో నూటికి 5 వంతులతోనే పని అయిపోతుంది. కొండ తవ్వే పనీ లేదు.

మీరే చేసి చూడండి

పాత అల్యూమినియం చెంచాను గాని, గుప్పెడు పాత పైసలను గాని కిరాణా కొట్టు కాటాలో గ్రాముల్లో తూచండి. అంచు దాకా నీళ్లు పోసిన గ్లాసులో దాన్ని పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని మందుసీసా కొలతమూతతో మిల్లీలీటర్లలో కొలవండి. బరువును ఆ కొలతతో భాగించండి. సుమారు 2.7 రావాలి. ఇనుముకైతే 7.9 వస్తుంది. వోలర్ గుండుసూది తలంత పూసలతో తేల్చిన సంగతిని మీరు వంటింటి చెంచాతో తేల్చారన్నమాట!

మరో చిన్న లెక్క. వాషింగ్టన్ స్తంభం కొసకు సరిపడా అల్యూమినియం ఈనాడు తీయాలంటే ఎన్ని యూనిట్ల విద్యుత్తు కావాలి? పాత గిన్నెలు కరిగించి చేస్తే ఎన్ని చాలు? లెక్క కట్టి, మీ ఇంటి కరెంటు బిల్లుతో పోల్చి చూడండి.