విదురుడు ఎందుకు ఆగిపోయాడు? సభలో నోరు విప్పడం గురించి

విదురనీతి మీద చేసిన వీడియోలో టైం సరిపోక ఒక ఘట్టం వదిలేశాం. చిన్నదే, కానీ నీతి శ్లోకాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. అందుకే ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం.

ఉద్యోగపర్వం. యుద్ధం తప్పదేమోనన్న భయంతో ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపిస్తాడు. రాత్రంతా విదురుడు చెబుతూనే ఉంటాడు. రాజు ఎలా ఉండాలి, పండితుడంటే ఎవరు, మూర్ఖుడంటే ఎవరు, పాండవులకి ఎందుకు రాజ్యం ఇవ్వాలి, అన్నీ. మొహమాటం లేదు. అన్నగారి ముఖం మీదే, నీ కొడుకు వల్ల వంశం పోతుంది అని చెప్పగలిగిన మనిషి ఆయన.

చివర్లో ధృతరాష్ట్రుడు, ఇంకా చెప్పాల్సింది ఏమైనా మిగిలితే చెప్పు, వినాలని ఉంది అంటాడు. మిగిలింది బ్రహ్మవిద్య. అక్కడ విదురుడు ఆగిపోతాడు. సనత్సుజాతుడనే మహర్షి ఉన్నాడు, ఆయన చెబుతాడు అంటాడు. నీకు తెలియదా, నువ్వే చెప్పొచ్చు కదా అని రాజు మళ్ళీ అడుగుతాడు. అప్పుడు విదురుడు చెప్పే కారణం ఏంటంటే, తాను శూద్ర స్త్రీ కడుపున పుట్టాడు కాబట్టి అంతకుమించి చెప్పడానికి సాహసించడు. ఆ విషయం తనకి తెలుసన్నట్టే మాట్లాడతాడు, చెప్పడు మాత్రం. ఆ తర్వాత ఆయన తలచుకోగానే సనత్సుజాతుడు వస్తాడు. సనత్సుజాతీయం అలా మొదలవుతుంది. శంకరాచార్యుల పేరుతో భాష్యం కూడా ఉన్న గ్రంథం అది.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి. ఒకటి, ఆ గదిలో ఆయన్ని ఆపినవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నది ఇద్దరే, అందులో రెండోవాడు చెప్పమని బతిమాలుతున్నాడు. రెండు, మాండవ్యుడి శాపం వల్ల సాక్షాత్తు యమధర్మరాజే విదురుడిగా పుట్టాడని మహాభారతమే చెబుతుంది. అంటే ధర్మం గురించి తెలిసినవాడు కాదు, ధర్మమే అక్కడ కూర్చుంది. అయినా, నేను మాట్లాడకూడదు అనుకుంది.

దీన్ని వినయం అని చెప్పే పెద్దలున్నారు. కాదనను. సంప్రదాయ మర్యాద పాటించాడు అని కూడా అంటారు, అదీ నిజమే కావచ్చు. కానీ వ్యాసుడు ఆయన నోట పెట్టిన కారణం వినయం కాదు, పుట్టుక. పైగా ఈ మనిషి జీవితమంతా ఏ మాటలు విన్నాడో గుర్తు పెట్టుకోవాలి. భాగవతం మూడో స్కంధంలో దుర్యోధనుడు నిండు సభలో, ఈ దాసీపుత్రుణ్ణి ఇక్కడికి ఎవరు పిలిచారు అంటాడు. విదురుడు ధనుస్సు గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్ళిపోతాడు. ఇలాంటి మాటలు ఏళ్ళ తరబడి విన్నవాడికి, చివరికి ఎవరూ అనకపోయినా లోపల ఆ గొంతు వినబడుతూనే ఉంటుంది.

ఇది పురాణకాలం ముచ్చట కాదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెటూళ్ళలో స్కూలు పిల్లలకి కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. ఎవరిది ఏ కులమో బయటికి చెప్పనప్పుడు పిల్లలందరూ దాదాపు ఒకేలా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివి మొదలుపెడితే, తక్కువ కులం అనిపించుకున్న పిల్లలు వెనకబడ్డారు. అదే పజిల్, అవే వయసులు. 2006లో వచ్చిన పరిశోధన ఇది. అమెరికాలో 1950ల్లో స్ట్రాడ్‌బెక్ బృందం ఉత్తుత్తి జ్యూరీలు కూర్చోబెట్టి గమనిస్తే, పెద్ద ఉద్యోగం, వ్యాపారం ఉన్నవాళ్ళూ, మగవాళ్ళూ ఎక్కువసేపు మాట్లాడారు, మిగతావాళ్ళు ఎక్కువగా వాళ్ళనే నాయకులుగా ఎన్నుకున్నారు. కేసు గురించి వాళ్ళకి ఎక్కువ తెలుసని కాదు. తెలిసి ఉంటుందని అందరూ అనుకున్నారు, అంతే.

ఇప్పుడు మన ఊరికి రండి. ఎచ్చెర్లలో ఒక సత్సంగం ఊహించుకోండి. అంబేద్కర్ యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి పీజీ చదివే పిల్లలు వస్తారు. అరసవల్లి, శ్రీకూర్మం దగ్గరే కాబట్టి పెద్దవాళ్ళు భక్తితో వస్తారు. ముందు వరసలో రిటైరైన లెక్చరర్ గారు, సంస్కృతం వచ్చిన పంతులుగారు, వైజాగ్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. వెనక గోడకి ఆనుకుని ఒక అమ్మాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటింది తనే. ప్రశ్న ఉంది, మంచి ప్రశ్న. కానీ అడిగితే నోట్లోంచి "ఏటి" అని వస్తుంది, "సెప్పండి" అని వస్తుంది. ముందు వరసలో ఎవరో చిన్నగా నవ్వుతారు. సినిమాల్లో ఈ యాసని కామెడీ పాత్రలకే ఇస్తూ వచ్చారు కదా, మరి భయం ఎక్కడికి పోతుంది? ఆ అమ్మాయి అడగదు. ఇంటికి వెళ్ళేటప్పుడు అందరూ సత్సంగం బాగా జరిగిందనే అనుకుంటారు.

యాస గురించి చిన్న మాట. గ్రాంథిక భాషే భాష, జనం మాట్లాడేది పుస్తకాలకి పనికిరాదు అనే రోజుల్లో దాన్ని ఎదిరించి నిలబడ్డ గిడుగు రామమూర్తి పంతులు గారు మన జిల్లా మనిషే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. కొండ మీద మాట్లాడే భాషని పండితులెవరూ భాషగానే లెక్కపెట్టని కాలం అది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ గడ్డ మీద పుట్టిన పిల్ల యాసకి సిగ్గుపడి ప్రశ్న మింగేయడం నాకైతే ఎంత మాత్రం మింగుడుపడదు.

సరే, మళ్ళీ మహాభారతానికి. ద్రౌపది సభలో ప్రశ్న వేసినప్పుడు పెద్దలెవరూ సరిగ్గా జవాబు చెప్పరు. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనది అంటాడు. లేచి నిలబడి, ఆమెని గెలిచినట్టు కాదు అని చెప్పినవాడు ధృతరాష్ట్రుడి కొడుకుల్లోనే ఒకడు, వికర్ణుడు. అతనికి ఎదురు చెప్పింది కర్ణుడు. ఏమని? పెద్దలు ఊరుకుంటే నువ్వు చిన్నవాడివి, ధర్మం నీకేం తెలుసు అని. తర్వాత వాదన కూడా చేశాడు, కానీ ముందు కొట్టింది వయసు మీదే.

ఈ కర్ణుడెవరు? కుమార అస్త్రవిద్యా ప్రదర్శన రోజు అర్జునుడికి సమంగా నిలబడితే, కృపాచార్యుడు నీ తల్లిదండ్రులెవరు, ఏ వంశం అని అడిగితే తల దించుకున్నవాడు. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాకగాని ఆ రంగస్థలంలో అతనికి స్థానం రాలేదు. పుట్టుక అడిగి తనని ఆపితే ఎంత మండిందో తెలిసిన మనిషి, స్థానం దొరికాక వయసు అడిగి ఇంకొకణ్ణి ఆపాడు. ఈ వరసలో మనం కూడా ఉంటాం ఒక్కోసారి. నిన్నటిదాకా వెనక కూర్చుని, నాలుగు స్తోత్రాలు రాగానే కొత్తవాళ్ళ ఉచ్చారణ దిద్దడం మొదలుపెడతాం.

మరి సభలో ఎదురు నిలబడ్డవాళ్ళు లేరా? ఉన్నారు. బృహదారణ్యక ఉపనిషత్తులో జనకుడి సభ. కొమ్ములకి బంగారం కట్టిన వెయ్యి ఆవులు పందెం. గార్గి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే యాజ్ఞవల్క్యుడు, ఇంక అడిగితే నీ తల తెగి పడుతుంది అంటాడు. గార్గి ఆగిపోతుంది. చాలామంది ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. కానీ కాసేపటికి ఆమె మళ్ళీ లేస్తుంది! సభవారి అనుమతి అడిగి, రెండు బాణాల్లాంటి రెండు ప్రశ్నలు వేస్తాను అంటుంది. అక్షర పరబ్రహ్మం గురించిన గొప్ప ఉపదేశం ఆ రెండో రాకడ వల్లే మనకి దక్కింది. ఇందులో సభకి కూడా వాటా ఉంది. అడుగు గార్గీ అని వాళ్ళు అన్నారు.

తమిళనాడు గ్రామసభల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనం కూడా ఇదే వైపు చూపిస్తుంది. ఆడవాళ్ళు సభకి వస్తున్నారు, కానీ మాట్లాడేది తక్కువ, వాళ్ళు అడిగినదానికి జవాబు దొరికేదీ తక్కువ. పంచాయతీ అధ్యక్షురాలు మహిళ అయినచోట జవాబు దొరకడం పెరిగింది. కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి అడిగినవాళ్ళ మాట వినబడటం మారుతుంది.

సత్సంగం, భజన మండలి, గీతా క్లాసు నడిపేవాళ్ళు కొన్ని చేసి చూడొచ్చు. పరిచయాల్లో ఉద్యోగం, చదువు, ఇంటిపేరు చెప్పించడం మానేయండి. పేరు, ఊరు చాలు. ప్రశ్నలు చీటీల మీద రాయించి, పేరు లేకుండా చదవండి. యూదుల పాత న్యాయసభల్లో మరణశిక్ష కేసు వస్తే అందరికంటే చిన్నవాళ్ళ అభిప్రాయం ముందు అడిగేవారు, పెద్దలు చెప్పేశాక చిన్నవాళ్ళు మాట మార్చుకోకుండా. మనమూ ముందు వెనక వరసని అడిగి, తర్వాత లెక్చరర్ గారి దగ్గరికి రావచ్చు. ఆయనేం అనుకోరు, మీరు ముందే ఒక మాట చెప్పి పెడితే.

వెనక గోడకి ఆనుకున్నవాళ్ళకి ఒకటే అడుగుతాను. ఆ రాత్రి విదురుడు తనకి తెలిసింది తనే చెప్పి ఉంటే అది ఎలా ఉండేది? సనత్సుజాతుడు చెప్పింది మన దగ్గర ఉంది, చదువుకుంటున్నాం. విదురుడి మాటల్లో బ్రహ్మవిద్య మాత్రం మనకి లేదు.