క్రీడా శిక్షణలో మనోవైఖరి, జట్టు భావం: రహీం సాబ్ చూపిన మార్గం

క్రీడలు శరీర దారుఢ్యాన్నే గాక క్రమశిక్షణను, సహకార భావాన్ని కూడ పెంపొందిస్తవని కళాశాల సంచికలలో ఏటేట ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. మేమును వ్రాసినవారమే. కాని ఆ సహకార భావం మైదానంలో దిగగానే దానంతట అదే పుడుతుందా, లేక దానిని ఒకరు నేర్పవలసి ఉంటుందా అనే ప్రశ్న మాత్రం ఆ వ్యాసాలలో కనబడదు. ఈ సంవత్సరం మన ఫుట్‌బాల్ జట్టు విషయంలో మాకు కలిగిన ఒక అనుభవం ఆ ప్రశ్నను మా ముందు నిలబెట్టినది. సమాధానం వెదుకుతూ మన హైదరాబాదు నగరానికే చెందిన ఒక ఉపాధ్యాయుని చరిత్రను మరల చదివినాము.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909లో జన్మించినారు. ఉస్మానియా పట్టభద్రులై నగరంలోని పాఠశాలలలో పాఠాలు చెప్పినారు. 1943 నుండి తుదివరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకున్నది. ఆయన తీర్చిన భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకం పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం సంపాదించినది. 1963 జూన్ 11న ఆయన క్యాన్సరుతో మరణించినారు. 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం వచ్చేవరకు మన విద్యార్థులలో చాలామంది ఆయన పేరే వినలేదు. ఇందులో విద్యార్థుల దోషం కంటె మా బోటి వారి దోషమే ఎక్కువ.

పతకాల సంగతి అటుంచి, ఆయన పిల్లలకు ఆట నేర్పిన తీరును గమనింతము. రహీం గారు నగరంలో డ్రిబ్లింగ్ లేని పోటీలు ఏర్పాటు చేసినారు. బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ ఒక్కడే ముందుకు పోవడం ఆ పోటీలలో నిషిద్ధం. అందిన బంతిని వెంటనే తోటివానికి అందించవలసినదే. అట్లే వాటము లేని కాలితోనే ఆడవలసిన పోటీలు కూడ పెట్టినారు.

పైకి ఇది కేవలం నైపుణ్య సాధనగా తోచును. కాని కొంచెం ఆలోచించిన దీని లోతు తెలియును. బంతిని దగ్గర ఉంచుకొనే వీలు లేనప్పుడు ఎంతటి మొనగాడైనను తోటివాడు ఖాళీ చోటుకు పరుగెత్తకున్న నిరుపయోగి అవుతాడు. బంతి లేనివానికి కూడ పని ఉంటుంది. నిజానికి వానికే ఎక్కువ పని. ఎడమ కాలితో ఆడవలసి వచ్చినప్పుడు మొనగాడును తడబడతాడు, తడబడే వానిని చూచి నవ్వే అలవాటు పోతుంది. 'కలసి ఆడండి, సోదర భావంతో మెలగండి' అని ఆయన ఎన్ని ఉపన్యాసాలిచ్చినారో మేము ఎరుగము. కలసి ఆడకున్న ఆటే సాగని నియమం మాత్రం పెట్టినారు.

మన మైదానంలో సాయంకాలం నిలబడి వినండి. "ఇధర్, ఇధర్" అని ఒకడు, "ఇటు, ఇటు" అని మరొకడు. ఉర్దూ మాధ్యమం పిల్లవాని బంతి ఉర్దూ పిలుపు వైపే, తెలుగు మాధ్యమం వాని బంతి తెలుగు పిలుపు వైపే పోవడం మేము లెక్కకు మించి చూచినాము. వారిలో ద్వేషమేమియు లేదు. క్యాంటీనులో ఒకే బల్ల దగ్గర టీ త్రాగేవారే. అలవాటు, అంతే. మేము దానికి మందలింపులు ప్రయోగించినాము. ఫలితం లేదు.

శిక్షకుని మనోవైఖరి జట్టుకు ఎట్లా సంక్రమిస్తుందో తెలియవలెనన్న జకార్తా చూడవలెను. 1962 ఆసియా క్రీడలలో భారత జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడినది. థాయిలాండుతో జరిగిన ఆటలో రక్షణ పంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానీయని వివాదంలో భారత ప్రతినిధి ఒకరు పలికిన మాటల వల్ల స్థానిక ప్రేక్షకులు మన జట్టుపై కోపించి ఉన్నారు. అట్టి స్థితిలో రహీం గారు, తలకు కట్టుతో ఉన్న ఆ రక్షకుని సెమీ ఫైనల్లో ఫార్వర్డుగా దింపినారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ ఆటలో ఒక గోలు జర్నైల్‌దే. ఫైనల్‌కు గోల్‌కీపరునే మార్చినారు. ప్రద్యుత్ బర్మన్‌ను ఆపి, జ్వరపడి లేచిన పీటర్ తంగరాజ్‌ను నిలబెట్టినారు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాపై 2-1తో విజయం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా జర్నైల్ సాహసం దగ్గర ఆగుతారు. మా దృష్టి బర్మన్ మీద నిలిచినది. సెమీ ఫైనల్ గెలిచిన గోల్‌కీపరు ఫైనల్ నాడు వెలుపల కూర్చున్నాడు. అయినను జట్టు చెదరలేదు. ఎందువల్ల? 1960 రోమ్ ఒలింపిక్సు జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఉన్నాడు. ఒక్క ఆటలోనైనను దింపబడలేదు. సొంత కొడుకును కూర్చోబెట్టిన వాని నిర్ణయంలో పక్షపాతాన్ని వెదకడం ఎవరి తరము? మరొకటి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ నుండి నగరానికి వచ్చి సాధన చేయడానికి తులసీదాస్ బలరాం వద్ద సైకిలు అద్దెకు డబ్బు లేనప్పుడు రహీం గారే ఇచ్చేవారని బలరాం చెప్పుకొనేవారు. అనగా కుర్రవాడు ఎట్లా ఆడుతున్నాడనే గాక, మైదానానికి ఎట్లా వస్తున్నాడని కూడ ఆయన అడిగినారన్నమాట.

మేము అడగలేదు. ఈ ఏటి అంతర కళాశాల పోటీలలో మన జట్టు ఎడమ పక్షాన ఆడే రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు సాధనకు తరచు ఆలస్యంగా వచ్చేవాడు. మొదటి ఆటలో ఖాళీగా ఉన్న తోటివానికి బంతి ఇవ్వక తానే కొట్టి గోలు పోగొట్టినాడు. విరామంలో అందరి ఎదుట వానిని కఠినంగా మందలించినాము. రెండవ ఆటలో కారణం చెప్పకుండా పక్కన కూర్చోబెట్టినాము. ఆ ఆట గెలిచినాము గనుక మా నిర్ణయం సరియైనదేనని సంతోషించినాము కూడ. మూడవ నాడు వాని జెర్సీ ఉతికి, మడత పెట్టి, స్నేహితుని చేతికిచ్చి పంపినాడు. ఆ స్నేహితుడు చెప్పగా తెలిసినది: వాడు ప్రతిదినం మేనమామ కిరాణా దుకాణంలో సరుకు దించి, నడచి మైదానానికి వచ్చేవాడట.

వానిని కూర్చోబెట్టడం తప్పని మేము ఇప్పటికిని అనుకోము. రహీం గారును కూర్చోబెట్టినవారే. కాని బర్మన్‌కు దొరికినది నిర్ణయం, మన పిల్లవానికి దొరికినది మా కోపం. ఆ భేదాన్ని పిల్లలు మనకంటె ముందుగా కనిపెడతారు. తరువాతి ఆటలో మనవారు ఓడినారు. ఎవరును తప్పు చేయడానికి సాహసించక బంతి వచ్చినదే తడవు దూరంగా తన్నివేసినారు. దానిని ప్రత్యర్థి బలమని నివేదికలో వ్రాసినాము. ఇప్పుడు సవరించుకొంటున్నాము.

గత నెల నుండి శనివారం సాయంకాలాలు మన మైదానంలో డ్రిబ్లింగ్ లేని ఆట ఆడిస్తున్నాము. మొదటి వారం అంతా గందరగోళం. పిల్లలు విసుగుకొన్నారు, నవ్వుకొన్నారు. మూడవ వారానికి, పిలుపు ఏ భాషలో వచ్చినదో వినే వ్యవధి బంతి ఉన్నవానికి లేకపోవడం గమనించినాము. ఇంకను రెండు బంతులు, దూరం నుండి వచ్చే నలుగురైదుగురు పిల్లలకు బస్సు ఛార్జీలు మంజూరు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారికి విన్నవించినాము. మొత్తం స్వల్పమే.

ఈ సంచికలో అచ్చయిన జట్టు ఛాయాచిత్రంలో 15 మంది ఉన్నారు. పదహారవవాడు ఆనాటికే మానుకొన్నాడు. వేసవి సెలవులు ముగియక ముందే వాని ఇంటికి వెళ్ళదలచినాము. జెర్సీ మా బీరువాలోనే ఉన్నది.