తాళం పడిన ఫోను

నెల్లూరు తీరాన వేటకు బయలుదేరే ఫైబరు పడవలో వల, ఇంధనపు డబ్బా, మంచినీళ్ళు, సద్దిమూటతోపాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన స్మార్ట్‌ఫోను కూడా ఉంటుంది. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట మొదలైన తీరగ్రామాలలో ఇది నేడు సాధారణ దృశ్యం. ఒకప్పుడు ఒడ్డున కనిపించే తాటితోపును, గుడి గోపురాన్ని, దీపస్తంభాన్ని గురిగా పెట్టుకొని చేపలు దొరికే చోటును పోల్చుకొనేవారు. ఆ గుర్తులు తండ్రి నుండి కొడుకుకు నోటిమాటగా సంక్రమించేవి. ఇప్పుడు వాటిలో ఎన్నో అక్షాంశ రేఖాంశాల అంకెలుగా మారి ఫోనులో చేరాయి. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ రూపొందించిన 'ఫిషర్ ఫ్రెండ్' వంటి యాప్‌లు అలల ఎత్తును, గాలి వేగాన్ని తెలుగులోనే తెలుపుతున్నాయి. చేపలు కొనే వర్తకుని నంబరు, రొయ్యల చెరువుకు వేసిన మేత లెక్క, బ్యాంకు నుండి వచ్చే సందేశం అన్నీ అందులోనే. చేతిలో ఇమిడే ఆ పలక ఒక కుటుంబానికి జీవనాధారంలో భాగమైపోయింది.

అటువంటి ఫోను ఒకనాడు తెరుచుకోదు. తెర వెలుగుతుంది, సమయం కనిపిస్తుంది, ఎవరైనా పిలిస్తే మాట్లాడవచ్చు; లోపలికి మాత్రం దారి ఉండదు. దీనికి కారణం మతిమరుపే అని నిందించడం సులభం. కాని ఆ మతిమరుపును పెంచినది వేలిముద్ర. వేలు ఆనించగానే ఫోను తెరుచుకొనే సౌకర్యం వచ్చాక రహస్యసంఖ్యతో నిత్యం పని ఉండదు. తరచుగా వాడని సంఖ్య మనసులో నిలవదు. ఫోను ఒకసారి ఆగి మళ్ళీ మొదలైనప్పుడు మాత్రం అది వేలిముద్రను నమ్మదు, సంఖ్యనే అడుగుతుంది. తడిసిన వేలిని, తాళ్ళు లాగి లాగి చర్మం అరిగిన వేలిని పోల్చుకోవడంలో కూడా ఆ యంత్రం తడబడుతుంది.

గుర్తుకు రాని సంఖ్యను ఊహించి పట్టుకోవడం సాధ్యమేనా? నాలుగంకెల సంఖ్యకు 10,000 అవకాశాలున్నాయి. ఆరంకెలకు 10 లక్షలు. తెరమీది తొమ్మిది చుక్కలను కలుపుతూ గీయగల గీతలు 3,89,112. ఓపిక ఉన్నవాడు నాలుగంకెల తాళాన్ని ఒకటి రెండు రోజులలో తెరవగలడని లెక్క చెబుతుంది. అలా జరగకుండా, కొన్ని తప్పులు కాగానే ఫోను ఆగమంటుంది. తప్పులు పెరిగినకొద్దీ ఆ వ్యవధి క్షణాల నుండి నిమిషాలకు, గంటలకు పెరుగుతుంది.

ఇనుపపెట్టె తాళానికీ ఫోను తాళానికీ పోలిక కొంతవరకే. ఇనుపపెట్టెను గొడ్డలితో పగలగొడితే లోపలి నగ నగగానే దొరుకుతుంది. ఫోనులో దాచిన సమాచారం దాచినప్పుడే గుప్తలిపిలోకి మారిపోతుంది. దానిని తిరిగి చదివించే తాళంచెవి ఫోనులోనే ఉన్నా, యజమాని రహస్యసంఖ్య తోడైతేనే అది పనిచేస్తుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి తగిన సామర్థ్యం గల కొత్త ఫోనులకు ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10తో చవక ఫోనులకూ విస్తరించింది. ఫోనును విప్పి లోపలి భాగాలను బయటకు తీసినా కనిపించేది అర్థంలేని అంకెల గుంపే.

ఈ తాళం బలం ఎంతటిదో 2016లో లోకానికి తెలిసింది. అంతకుముందు డిసెంబరులో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిపిన వ్యక్తి వాడిన ఐఫోనును తెరవడానికి సాయపడాలని అక్కడి న్యాయస్థానం ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థను ఆదేశించింది. ఆపిల్ అంగీకరించలేదు. ఒక ఫోను కోసం చేసిన మారుతాళం తక్కిన ఫోనులకూ పనికివస్తుందని దాని వాదం. చివరకు మార్చి నెలలో ఎఫ్‌బీఐ మరొకరి సాయంతో ఆ ఫోనును తెరిపించి, తన అభ్యర్థనను ఉపసంహరించుకొన్నది. అమెరికా ప్రభుత్వానికే అంత ప్రయాస అయిన పని బజారులోని మరమ్మతు దుకాణంలో అరగంటలో జరుగుతుందని ఆశించడం తగదు.

మరి దుకాణంలో జరిగేదేమిటి? చాలాసార్లు అక్కడ తాళం తీయరు. ఇంటిలోని సామానంతా లేకుండా చేసి, ఖాళీ ఇంటిని అప్పగిస్తారు. దీనినే ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. ఫోనును కర్మాగారం నుండి వెలువడిన నాటి స్థితికి చేర్చడమని దీని అర్థం.

ఫ్యాక్టరీ అనే మాటకు నెల్లూరు తీరంతో పాత పరిచయమే ఉంది. 17వ శతాబ్దం మూడవ దశాబ్దంలో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం వద్ద ఒక ఫ్యాక్టరీని నెలకొల్పింది. ఆ చోటును ఆంగ్లేయులు ఆర్మగాన్ అని వ్యవహరించారు. 1639లో చెన్నపట్నానికి స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు ఇక్కడి అధికారి. ఆనాటి ఫ్యాక్టరీ వస్తువులను తయారుచేసే చోటు కాదు. ఫ్యాక్టర్లు అనబడే కంపెనీ వర్తకులు బట్టలు కొని నిలువచేసిన గిడ్డంగి. కర్మాగారమనే అర్థం తరువాతి కాలంలో బలపడింది. ఫోను విషయంలో ఈ రెండవ అర్థాన్నే గ్రహించాలి.

ఫోనులోని నిలువస్థలంలో ఒక భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌ది, మరొక భాగం యజమానిది. రీసెట్ మొదటిదాని జోలికి పోదు. అందుచేత ఫోను అచ్చంగా కొన్ననాటి స్థితికి రాదు. మధ్యలో చేరిన ఆపరేటింగ్ సిస్టమ్ మార్పులు అలాగే ఉంటాయి. రెండవ భాగంలోని ఫోటోలు, సందేశాలు, యాప్‌లు, గుర్తుపెట్టిన వేటచోట్లు మాత్రం పోతాయి. గుప్తలిపిని చదివించే తాళంచెవినే రీసెట్ నాశనం చేస్తుంది కనుక అవి తిరిగి రావు. పాత ఫోనులలో ఇంత కట్టుదిట్టం లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ ఐదు సంస్థలకు చెందిన 21 పాత ఆండ్రాయిడ్ ఫోనులను పరీక్షించి, రీసెట్ చేసిన తరువాత కూడా వాటి నుండి సమాచారాన్ని రాబట్టవచ్చునని 2015లో వెల్లడించారు. గుప్తలిపి లేని పాత ఫోనును అమ్మేవారు ఈ సంగతి గమనించదగినది.

రీసెట్ చేసే విధానం కష్టమైనది కాదు. సంస్థను బట్టి కొద్దిగా మారుతుంది. ముందుగా ఫోనును బాగా ఛార్జి చేయాలి. పని మధ్యలో ఆగిపోతే ఫోను అసలే పనికిరాకుండా పోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోనులలో ఫోనును పూర్తిగా ఆపి, పవర్ మీటను, శబ్దం పెంచే మీటను కలిపి నొక్కిపట్టాలి. కొంతసేపటికి తెరమీద కొన్ని ఆంగ్ల పంక్తులు కనిపిస్తాయి. సాధారణంగా వాటిని వేలితో తాకితే ప్రయోజనం ఉండదు. శబ్దపు మీటలతో ఒక్కొక్క పంక్తి దిగుతూ 'వైప్ డేటా / ఫ్యాక్టరీ రీసెట్' అనే చోట ఆగి, పవర్ మీట నొక్కాలి. నిజంగా చెరపవలెనా అని ఫోను మరొకసారి అడుగుతుంది. వెనుదిరగడానికి అదే చివరి అవకాశం. ఐఫోనుకైతే కంప్యూటరు సాయం కావాలి. 2021 డిసెంబరులో వచ్చిన ఐఓఎస్ 15.2 నుండి, ఇంటర్‌నెట్ ఉండి ఖాతా సంకేతపదం తెలిస్తే, తాళం తెరమీది నుండే చెరిపే వీలు కలిగింది.

మీటలు నొక్కడం కొద్ది నిమిషాల పని. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. దొంగిలించినవాడు కూడా ఈ మీటలే నొక్కగలడు కదా! అందుకే 2013లో ఐఓఎస్ 7తో ఆపిల్, 2015లో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ రెండవ తాళాన్ని చేర్చాయి. బయటి మీటలతో రీసెట్ చేసిన ఫోను, అంతకుముందు తనలో ఉన్న ఖాతా పేరును, సంకేతపదాన్ని అడుగుతుంది. అవి చెప్పలేనివాని చేతిలో అది పనికిరాని పలక. దొంగను అడ్డుకోవడానికి వేసిన ఈ గడియ ఒక్కొక్కసారి నిజమైన యజమానినీ వాకిట నిలబెడుతుంది. ఫోను కొన్ననాడు దుకాణంలోనే ఎవరో తొందరగా ఖాతా తెరిచి ఇస్తే, ఆ ఖాతా పేరు కూడా యజమానికి తెలియకపోవచ్చు. కనుక రీసెట్‌కు ముందే సిమ్‌ను మరొక ఫోనులో వేసి, దానికి వచ్చే సంకేతాల సాయంతో ఖాతా సంకేతపదాన్ని తిరిగి పొందడం వివేకం. సంకేతపదం మార్చినట్లయితే ఒక రోజు ఆగి రీసెట్ చేయవలసిందిగా గూగుల్ సూచిస్తుంది.

నడిసముద్రంలో ఈ పనికి పూనుకోవడం మరీ ప్రమాదకరం. ఖాతా నిర్ధారణకు ఇంటర్‌నెట్ కావాలి. తీరం నుండి 10, 12 కిలోమీటర్లు దాటితే మొబైల్ సంకేతాలు అందడం కష్టం. ఈ కొరతను తీర్చడానికే 2019 అక్టోబరులో కేంద్రప్రభుత్వం 'జెమిని' అనే పరికరాన్ని ప్రవేశపెట్టింది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రం, పంపే తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే తావుల సూచనలు ఉపగ్రహం ద్వారా జెమినికి చేరి, అక్కడి నుండి బ్లూటూత్ ద్వారా ఫోను తెరమీద కనిపిస్తాయి. ఆ ఫోను రీసెట్ అయి ఖాతా పేరు అడుగుతూ కూర్చుంటే హెచ్చరిక పడవ దాకా వచ్చి ఆగిపోతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ తుపాను అంతకుముందు నెల్లూరు తీరం పక్కనుండే ఉత్తరంగా సాగింది. అటువంటి అత్యవసర సమయంలో పడవలోని తెర మూసుకొని ఉండటం ఎంత అపాయమో ఊహించవచ్చు.

రీసెట్ అనగానే డబ్బు పోతుందని భయపడేవారు కలరు. ఆ భయం నిరాధారం. డబ్బు బ్యాంకులో ఉంటుంది, ఫోనులో కాదు. అదే సిమ్‌తో యాప్‌ను మళ్ళీ నమోదు చేసుకొంటే చాలు. సిమ్‌లో దాచిన నంబర్లు చెరగవు. విడిగా అమర్చిన మెమరీ కార్డులోని ఫోటోలు సాధారణంగా మిగులుతాయి. అయినా ముందే దానిని తీసి పక్కన పెట్టడం మంచిది. గూగుల్ ఖాతాకు జతపరిచిన నంబర్లు తిరిగి వస్తాయి. ఎక్కడా మరొక ప్రతి లేనివే శాశ్వతంగా పోతాయి.

అన్నిటికన్నా బాధాకరమైన సందర్భం మరొకటి ఉంది. వేటకు వెళ్ళినవాడు తిరిగి రాడు; అతని ఫోను ఇంట్లో మిగులుతుంది. అందులో అతని గొంతు, అతడు తీసిన పిల్లల ఫోటోలు, ఎవరికి ఎంత బాకీయో తెలిపే లెక్కలు ఉంటాయి. రహస్యసంఖ్య అతనితోనే పోయింది. ఫోను ఎవరికైనా పనికివస్తుందని బంధువులు రీసెట్ చేయిస్తే, ఆ పలక మిగులుతుంది, మనిషి జ్ఞాపకాలు చెరిగిపోతాయి. ఇటువంటి చోట తొందర కూడదు. మృతుని ఖాతాలోని సమాచారం కోసం కుటుంబసభ్యులు ధ్రువపత్రాలతో గూగుల్ సంస్థను అర్థించే మార్గం ఉంది; అయితే ఇచ్చి తీరుతారన్న హామీ లేదు. బతికి ఉండగానే వారసుని నియమించుకొనే ఏర్పాటును గూగుల్ 2013లోను, ఆపిల్ 2021లోను కల్పించాయి. సముద్రం మీద బతుకు సాగించేవారికి ఇది మరింత అవసరం.

పోయిన ఫోను సంగతి వేరు. ప్రతి ఫోనుకు ఐఎంఈఐ అనే 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. *#06# అని నొక్కితే తెరమీద కనిపిస్తుంది. రీసెట్ దానిని మార్చదు. 2023 మే నెలలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో, పోలీసు ఫిర్యాదు ప్రతి జతచేసి, ఆ సంఖ్య గల ఫోను దేశంలో ఎక్కడా పనిచేయకుండా ఆపించవచ్చు. పాత ఫోను కొనేవారు కూడా అదే పోర్టల్‌లో ఆ సంఖ్యను సరిచూసుకోవాలి. అమ్మేవాని ఖాతాను అతని ఎదుటే తీయించుకోవాలి.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషిద్ధం. పడవలు ఒడ్డెక్కుతాయి; చిరిగిన వలలు చెట్ల నీడన బాగుపడతాయి. ఫోనులోని వేటచోట్ల అంకెలను ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించడానికి, ఖాతా పేరును, సంకేతపదాన్ని కాగితంమీద రాసి ఇంటి పత్రాలతో భద్రపరచడానికి కావలసిన తీరిక కూడా ఆ రెండు నెలల్లోనే దొరుకుతుంది.

కఠిన పదాలకు అర్థాలు
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చేరు
గుప్తలిపి = ఇతరులు చదవలేని రహస్యపు రాత
ఉపసంహరించుకొను = వెనుకకు తీసుకొను
గ్రహించు = తెలుసుకొను, స్వీకరించు
అర్థించు = వేడుకొను, కోరు

సంధులు
జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు
వేలిముద్ర – వేలి యొక్క ముద్ర – షష్ఠీ తత్పురుష సమాసం
రహస్యసంఖ్య – రహస్యమైన సంఖ్య – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు
1. ఇనుపపెట్టె తాళానికి, ఫోను తాళానికి గల భేదాన్ని వివరించండి.
2. దొంగను అడ్డుకొనే రెండవ తాళం యజమానికి ఎట్లా ఇబ్బంది కలిగిస్తుంది?
3. మృతుని ఫోనును రీసెట్ చేయడంలో తొందర ఎందుకు కూడదు?
4. ఆర్మగాన్ ఫ్యాక్టరీని గురించి సంగ్రహంగా రాయండి.