టెస్టు అను మాట – మూసలోని వెండి

చదువవలసిన భాగములు: సామెతలు 17:3, యిర్మీయా 6:27-30, యాకోబు 1:2-15



"టెస్టు" అను ఇంగ్లీషు మాట మన తిమ్మాజిపేటలో చదువురాని వారి నోటను కూడ వినబడుచున్నది. జడ్చర్లకు పోయి నెత్తురు టెస్టు చేయించితిమని పెద్దలందురు. రేపు లెక్కల టెస్టు అని పిల్లలందురు. చేని మన్ను టెస్టుకు పంపితిమని రైతులందురు. ఈ మాట ఎక్కడ పుట్టినది? వాక్యములోని శోధనకును దీనికిని ఏమి పొత్తు? ఈ నెల పాఠములో నేర్చుకొందము.

1. మాట పుట్టుక

దీని మూలము లాటిను భాషలోని "టెస్టుమ్", అనగా మట్టిపాత్ర. అది ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోనికి వచ్చెను. 14వ శతాబ్దములో ఇంగ్లీషువారు టెస్టు అని పిలిచినది పరీక్షను కాదు. వెండి బంగారములను కాల్చి తేల్చు మూసను. 16వ శతాబ్దపు చివరి కాలమునకు పాత్ర పేరే పనికి పేరాయెను. నిజమో కల్తీయో తేల్చు ప్రతి పనిని టెస్టు అనసాగిరి.

ఆ మూస పని చేయు విధము వినుడి. ఎముకల బూడిదతో చేసిన మూసలో కల్తీ వెండిని సీసముతో కూడ వేసి, గాలి తగులునట్లు బహుగా కాల్చుదురు. సీసము కాలి, హీనమైన లోహములను వెంటబెట్టుకొని మూసలోనికి ఇంకిపోవును. వెండి ఇంకదు, మెరయు ముద్దయై పైన నిలుచును. మన అవుసలి గీటురాయి మీద గీసినయెడల బంగారము ఎంతటిదో తెలియును గాని అది శుద్ధి కాదు. మూస అయితే గుణమును తెలుపును, మురికిని కూడ తీయును.

2. కలుపకూడని మాటలు

పాత టెస్టమెంటు, కొత్త టెస్టమెంటు అను పేర్లలోను ఈ మాటయే ఉన్నదని కొందరు తలంతురు. అది సరికాదు. ఆ మాట "టెస్టిస్", అనగా సాక్షి అను వేరు మాట నుండి వచ్చినది.

ఇంగ్లాండులో 1673లో టెస్టు చట్టమను ఒక చట్టము చేసిరి. ఆ దేశపు సంఘ పద్ధతి చొప్పున ప్రభువు బల్లలో చేయి వేయనివారికి సర్కారు ఉద్యోగము లేదని దాని సారము. 1828లో దానిని రద్దు చేసిరి. పౌలు 1 కొరింథీయులు 11:28లో బల్ల యొద్ద ఎవనిని వాడే పరీక్షించుకొనవలెనని నేర్పెను. ఆ చట్టమో, బల్లనే ఇతరులను పరీక్షించు సాధనముగా చేసెను.

3. మన భాషలో, వాక్యములో

పరీక్ష అనగా చుట్టు తిరిగి చూచుట. శోధన అను మాటకును శుద్ధి అను మాటకును తల్లి ఒక్కటే. అయితే యాకోబు పత్రిక మొదటి అధ్యాయము చదువువారికి ఒక చిక్కు కలుగును. 2వ వచనములో శోధనలు వచ్చినప్పుడు సంతోషించుమనియు, 13వ వచనములో దేవుడు ఎవనిని శోధింపడనియు ఉన్నది. గ్రీకు మూలములోను రెండు చోట్ల ఒకే మాట వంశము. ఆ మాటకు పరీక్షించుట అనియు, పాపమునకు లాగుట అనియు రెండు అర్థములు గలవు. కుండను కొనునప్పుడు తల్లులు వ్రేళ్లతో కొట్టి చూతురు, పగులగొట్టువాడును కొట్టును. దెబ్బ ఒకటివలె కనబడినను ఉద్దేశము వేరు.

4. వెండి దొరకని మూస

యిర్మీయా చూపిన చిత్రము భయంకరమైనది. తిత్తి ఊదుచున్నది, సీసము కాలిపోయినది, అయినను చెడుగు విడువలేదు. కష్టము పడినంత మాత్రమున ఎవడును శుద్ధుడు కాడని దీనివలన తెలియుచున్నది. వాన లేక, బోరు ఎండి, కూలికి దూరదేశము పోయిన పాలమూరు బిడ్డలలో కొందరు ఆ అగ్నిలో మెత్తనైరి, కొందరు చేదైరి. "ఈ కష్టమెందుకు?" అని అడుగుటతో ఆగక, "ఇది నాలోనుండి ఏమి తీసివేసినది?" అని కూడ అడుగుదము.

5. పిల్లల పరీక్షలు

తలిదండ్రులారా, ఇది శ్రద్ధగా వినుడి. 2019 ఏప్రిల్‌లో మన తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన పిమ్మట పలువురు పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులు దొర్లినవని విచారించిన కమిటీయే తెలిపెను. మనుష్యులు పెట్టు పరీక్ష తప్పవచ్చును. తప్పకపోయినను, అది ఆ దినమున వ్రాసిన కాగితమును తూచునే గాని బిడ్డను తూచదు. హృదయమును శోధించువాడు దేవుడొక్కడే. ఫలితము వచ్చిన దినమున బిడ్డను ఒంటరిగా విడువకుడి. ప్రక్కింటి పిల్లతో పోల్చకుడి. దగ్గర కూర్చుండి అన్నము పెట్టి, మరల వ్రాయవచ్చునని చెప్పుడి. మీ బిడ్డ సీసము కాదు.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. గీటురాయికిని మూసకును భేదమేమి?
2. దేవుని పరీక్షను, సాతాను శోధనను ఎట్లు గుర్తించుదుము?
3. గడచిన సంవత్సరపు కష్టము మన ఇంటిలోనుండి ఏ మురికిని తీసినది?
4. మన సంఘములో ఈ యేడు పరీక్ష తప్పిన బిడ్డ యొద్దకు ఎవరు పోవుదురు?